ఐదు బెల్టుల కారులో తొమ్మిది మంది

పెళ్లిళ్ల సీజన్‌లో మన ఊళ్ల నుంచి బయల్దేరే కార్లను చూడండి. వెనక ముగ్గురి చోటులో నలుగురు పెద్దవాళ్లు, వాళ్ల ఒళ్లో ఇద్దరు పిల్లలు. ముందు సీట్లో తాతయ్య, ఆయన మోకాళ్ల మీద మనవడు. డ్రైవర్‌తో కలిపి తొమ్మిది మంది. "కాస్త సర్దుకోండి, గంట ప్రయాణమే కదా" అంటారు. చిన్నపిల్లలనైతే అసలు లెక్కలోకే తీసుకోరు. ఎవర్నీ వదిలేసి వెళ్లకూడదన్న ప్రేమ అందులో ఉంది, కాదనను. కానీ కారు గుద్దుకున్న క్షణంలో లోపల ఏం జరుగుతుందో తెలిస్తే, ఆ పిల్లల్ని అలా కూర్చోబెట్టడానికి ఏ తల్లీ ఒప్పుకోదు.

గంటకు 50 కిలోమీటర్లంటే సెకనుకు దాదాపు 14 మీటర్లు. ఆ వేగంతో గోడను గుద్దిన కారు, ముందుభాగం నలిగిపోతూ 60 సెంటీమీటర్ల దూరంలో ఆగిపోయిందనుకుందాం. సెకనులో పదో వంతు కూడా పట్టదు. బెల్టు పెట్టుకున్న మనిషి కారుతో పాటే, ఆ 60 సెంటీమీటర్లూ వాడుకుంటూ ఆగుతాడు. బెల్టు లేని మనిషిని ఆపేవాళ్లెవరూ లేరు. అతను అదే వేగంతో ముందుకు పోయి, అప్పటికే ఆగిపోయిన డాష్‌బోర్డుకో ముందు సీటుకో కొట్టుకుని, పది సెంటీమీటర్లలో ఆగుతాడు. ఆగే దూరం ఆరో వంతుకు తగ్గితే, శరీరం మీద పడే సగటు బలం ఆరు రెట్లవుతుంది.

ఇప్పుడు ఒళ్లో ఉన్న పాప సంగతి. పది కిలోల పాపను ఆ 60 సెంటీమీటర్లలో కారుతో పాటు ఆపాలంటే, ఆమె బరువుకు 16 రెట్ల బలంతో పట్టుకోవాలి. అంటే 160 కిలోలు. ఇరవై అయిదు కిలోల బియ్యం బస్తాలు ఆరు ఒక్కసారిగా చేతుల మీద పడ్డట్టు. "గట్టిగా పట్టుకుంటాలే" అనే మాటకు ఇక్కడ అర్థం లేదు, ఎంత బలవంతుడైనా ఆ పట్టు నిలవదు. పట్టుకున్న తల్లికి కూడా బెల్టు లేకపోతే పరిస్థితి ఇంకా ఘోరం. ఆమె బరువంతా వెనక నుంచి వచ్చి, ముందు సీటుకూ తనకూ మధ్య పాపను నలిపేస్తుంది. ముందు సీట్లో తాతయ్య ఒళ్లో ఉన్న మనవడికైతే ఎయిర్‌బ్యాగే ప్రమాదం. రెప్పపాటు కన్నా తక్కువ సమయంలో, పెద్దవాళ్ల ఛాతీని దృష్టిలో పెట్టుకుని విచ్చుకునే ఆ సంచి సరిగ్గా పిల్లవాడి తలకు తగులుతుంది.

పోనీ, ఇద్దరికీ కలిపి ఒకే బెల్టు చుడితే? అదీ కుదరదు. 1959లో వోల్వో ఇంజనీరు నిల్స్ బోలిన్ రూపొందించిన మూడు బిందువుల బెల్టు ఒక్క శరీరం కోసమే. కింది పట్టీ నడుము ఎముకల మీద, పై పట్టీ భుజం మీదుగా ఛాతీకి అడ్డంగా ఉండాలి. దెబ్బను తట్టుకునేవి ఆ గట్టి ఎముకలే. ఇద్దరు దూరితే పట్టీ ఎవరికీ సరైన చోట ఆనదు, మెత్తటి పొట్టలోకి దిగుతుంది, ఇద్దరి తలలూ ఒకదాన్నొకటి గుద్దుకుంటాయి.

నన్ను ఎక్కువగా కలవరపెట్టేది మరొకటి. బెల్టు లేని ఆ అదనపు మనిషి వల్ల బెల్టు పెట్టుకున్నవాళ్లకూ ముప్పే. జపాన్ ప్రమాదాల రికార్డులను పరిశీలించిన ఒక అధ్యయనం 2002లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది. వెనకవాళ్లు బెల్టు పెట్టుకోకపోతే, బెల్టు పెట్టుకున్న ముందు సీటువాళ్లు చనిపోయే ప్రమాదం దాదాపు అయిదు రెట్లు పెరుగుతోందని అందులో తేలింది. వెనక నుంచి దూసుకొచ్చే మనిషి బరువు ముందు సీటును వంచేస్తుంది మరి. అంటే వెనక ఇరుక్కున్న నలుగురి భారం, జాగ్రత్తగా బెల్టు పెట్టుకున్న డ్రైవర్ వీపు మీద కూడా పడుతుంది.

వెనక సీటు భద్రమన్న నమ్మకం మనలో బాగా పాతుకుపోయింది. 2022 సెప్టెంబర్ 4న మహారాష్ట్రలోని పాల్ఘర్ దగ్గర కారు ప్రమాదంలో పారిశ్రామికవేత్త సైరస్ మిస్త్రీ మరణించారు. ఆ ఖరీదైన కారులో వెనక కూర్చున్న ఇద్దరూ చనిపోయారు, ఇద్దరూ బెల్టు పెట్టుకోలేదని పోలీసులు చెప్పారు. ముందున్న ఇద్దరూ గాయాలతో బతికారు. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం ప్రకారం, 14 ఏళ్ల లోపు పిల్లలకు బెల్టు గానీ పిల్లల సీటు గానీ లేకుండా కారు నడిపితే వెయ్యి రూపాయల జరిమానా. ఆ నిబంధన ఉందన్న సంగతే చాలామందికి తెలియదు.

ఇంకో విషయం గమనించండి. చాలా కార్లలో వెనక బెల్టు బకిళ్లు సీటు కవర్ కింద దాగి ఉంటాయి. కొత్త కారుకు కవర్లు వేయించిన రోజే అవి లోపలికి పోతాయి, మళ్లీ ఎవరూ బయటికి తీయరు. అలాంటి కారులో బకిళ్లు బయటికి తీసేదాకా ముగ్గురు కూర్చున్నా బెల్టులు లేనట్టే. ప్రయాణానికి ముందురోజే కవర్ పక్కకు లాగి ఒక్కో బకిల్‌నూ నొక్కి చూడండి. ఏడు సీట్ల బండి అయితే మూడో వరసలోనూ చూడండి. పనిచేసే బెల్టులెన్నో, చంటిపిల్లలతో సహా మనుషులెందరో పక్కపక్కన రాసుకోండి. తేడా వస్తే ఇంకో బండి మాట్లాడండి, లేదా అదే కారును రెండు ట్రిప్పులు తిప్పండి, అదీ వీలుకాకపోతే ఇద్దరు పెద్దవాళ్లు ఓ గంట ముందు ఆర్టీసీ బస్సు ఎక్కేయొచ్చు.