ఫ్యాక్టరీ కరెంటు బిల్లు: అపోహలు, వాటి వెనుక అసలు లెక్కలు

ఎనర్జీ ఆడిట్ (కరెంటు ఎక్కడ వృథా అవుతోందో పట్టే తనిఖీ) అనగానే యజమానులు ముందుగా అడిగేది "ఏం కొనమంటారు?" అని. కొనాల్సినవి ఉంటాయి, లేవని కాదు. కానీ గుంటూరు మిర్చి కోల్డ్ స్టోరేజీ అయినా, మిర్యాలగూడ రైస్ మిల్లయినా, విజయవాడ ఆటోనగర్‌లో వర్క్‌షాపయినా మొదటి విడత ఆదా బిల్లు కాగితంలోనూ, ఉన్న మిషన్లు నడిపే తీరులోనూ దొరుకుతుంది. కొత్త సరుకు వంతు ఆ తర్వాతే. ఈ వరస తలకిందులు కావడం వల్లే కింద చెప్పే అపోహల్లో చాలావరకు పుడతాయి.

అపోహ: యూనిట్లు తగ్గిస్తే చాలు, బిల్లు దానంతట అదే తగ్గుతుంది

హెచ్‌టీ (హై టెన్షన్) కనెక్షన్ ఉన్నవాళ్లకు, అంటే పెద్ద లోడ్ల కోసం ఎక్కువ వోల్టేజీలో కరెంటు తీసుకునేవాళ్లకు, ఇది సగమే నిజం. మీ బిల్లులో యూనిట్ల ఛార్జీతో పాటు డిమాండ్ ఛార్జీ అని ఇంకో వరస ఉంటుంది. మీరు డిస్కం (కరెంటు పంపిణీ సంస్థ)తో ఒప్పుకున్న గరిష్ఠ డిమాండ్, అంటే సీఎండీలో 80 శాతం, ఆ నెల మీటరులో నిజంగా నమోదైన గరిష్ఠ డిమాండ్, అంటే ఎండీ, ఈ రెండింటిలో ఏది ఎక్కువైతే దానికి కేవీఏ (డిమాండ్‌ను కొలిచే యూనిట్) చొప్పున కట్టాలి. వాడినా వాడకపోయినా ఆ 80 శాతం తప్పదు.

ఒక లెక్క చూద్దాం. సీఎండీ 500 కేవీఏ, నమోదయ్యే ఎండీ 310 అనుకోండి. 500లో 80 శాతం అంటే 400. అంటే వాడని 90 కేవీఏకి ప్రతి నెలా డబ్బు కడుతున్నారు. కేవీఏకి 475 రూపాయలు వేసుకుంటే నెలకు 42,750, ఏడాదికి 5 లక్షల పైమాట. మీ బిల్లు మీద వేరే రేటు ఉంటే అది వేసుకోండి. ఒక దరఖాస్తుతో ఆగే ఖర్చు ఇది. కొత్త మిషన్ అక్కర్లేదు, పాత మిషన్ ఆపక్కర్లేదు.

అలాగని ఇవాళే దరఖాస్తు పెట్టేయకండి. ముందు 12 నెలల బిల్లులు వరసగా పరిచి చూడాలి. మిర్చి కోల్డ్ స్టోరేజీల్లో ఎండాకాలం కొత్త పంట టిక్కీలు (బస్తాలు) లోపలికి వచ్చేటప్పుడు, ఆ వేడి సరుకును చల్లబరచడానికి కంప్రెసర్లన్నీ ఒకేసారి తిరుగుతాయి. డిసెంబరు బిల్లు చూసి సీఎండీ తగ్గించుకుంటే ఏప్రిల్‌లో దాటిపోతారు. దాటిన భాగానికి డిమాండ్ ఛార్జీ రెట్టింపు పడుతుంది. మళ్లీ పెంచుకోవాలంటే డెవలప్‌మెంట్ ఛార్జీలూ, తిరుగుళ్లూ. అగ్రిమెంటులో కనీస కాలం, నోటీసు షరతులు కూడా ఉంటాయి, అవీ చదవాలి.

అపోహ: మోటారు స్టార్ట్ చేసిన క్షణంలో ఎండీ ఎగిరిపోతుంది, అందుకే మిషన్లు ఆపకూడదు

భోజన విరామంలో కూడా ఖాళీగా తిరిగే కన్వేయర్లకు కారణం అడిగితే వచ్చే జవాబు ఇది. స్టార్టింగ్ కరెంటు మామూలు కంటే చాలా రెట్లు ఎక్కువ ఉంటుంది, నిజమే. కానీ అది ఉండేది కొన్ని సెకన్లు. మీటరు ఎండీని క్షణంలో కొలవదు, 15 లేదా 30 నిమిషాల సగటు తీసుకుంటుంది. ఆ సగటులో కొన్ని సెకన్ల ఎగుడుదిగుడు లెక్కలోకి రానంత చిన్నది. ఎండీని పెంచేది స్టార్టింగ్ కాదు, పెద్ద లోడ్లన్నీ అదే అరగంటలో కలిసి నడవడం. అన్ని సెక్షన్లూ ఒకేసారి నడిపే బదులు, వీలైన పెద్ద లోడ్లను వేర్వేరు వేళల్లో నడిపితే ఎండీ తగ్గుతుంది. దీనికి కావాల్సింది షిఫ్ట్ ఇన్‌ఛార్జి దగ్గర ఒక కాగితం, అంతే.

అపోహ: పవర్ సేవర్ డబ్బా పెడితే 30 శాతం ఆదా

ఇళ్లకు అమ్మే ప్లగ్ డబ్బా విప్పితే లోపల ఉండేది ఒక చిన్న కెపాసిటర్, ఒక లైటు. ఇంటి మీటరు లెక్కపెట్టేది కేడబ్ల్యూహెచ్ (నిజంగా పనికి ఖర్చయిన యూనిట్లు), అందులో కెపాసిటర్ తగ్గించేది ఏమీ లేదు. లైటు కొంచెం కరెంటు తాగుతుంది కూడా.

ఫ్యాక్టరీల దగ్గర మాత్రం కథ వేరు. మన రెండు రాష్ట్రాల్లోనూ హెచ్‌టీ బిల్లు కేవీఏహెచ్ మీద వస్తుంది, అంటే పనికి ఖర్చయిన కరెంటుతో పాటు మోటార్లు అయస్కాంత క్షేత్రం కోసం లాగే రియాక్టివ్ పవర్ కూడా లెక్కలోకి వస్తుంది. ఈ మొత్తంలో పనికి ఖర్చయిన వంతే పవర్ ఫ్యాక్టర్, కెపాసిటర్లు దాన్ని పెంచుతాయి. పవర్ ఫ్యాక్టర్ 0.90 ఉంటే లక్ష కేడబ్ల్యూహెచ్ వాడినందుకు 1.11 లక్షల యూనిట్లకు బిల్లు కడతారు. 0.98కి తెస్తే 1.02 లక్షలకు. తేడా సుమారు 9 వేల యూనిట్లు. యూనిట్ ఏడు రూపాయలు అనుకుంటే నెలకు 63 వేలు. కాబట్టి కెపాసిటర్లు ఇక్కడ నిజంగానే పనిచేస్తాయి, అవి బతికి ఉంటే.

చాలాచోట్ల ప్యానెల్ మీద లైట్లన్నీ వెలుగుతుంటాయి, లోపల కెపాసిటర్లు ఎప్పుడో చచ్చిపోయి ఉంటాయి. కనుక్కోవడం తేలిక. 25 కేవీఏఆర్ (రియాక్టివ్ పవర్ కొలత) కెపాసిటర్ 415 వోల్టుల దగ్గర 35 ఆంపియర్ల దాకా తీసుకోవాలి. ఒక్కో ఫేజు మీద క్లాంప్ మీటర్ పెట్టి చూడండి. 12 చూపిస్తే అందులో సరుకు అయిపోయినట్టే. ఒక ఫేజులో 34, ఇంకో ఫేజులో సున్నా ఉంటే ఫ్యూజో కాంటాక్టరో పోయింది. డబ్బా ఉబ్బితే మీటర్ కూడా అక్కర్లేదు. ఎలక్ట్రీషియన్‌కు నెలకోసారి గంట పని ఇది. రిజిస్టర్‌లో రాయిస్తే ఏది ఎప్పుడు నీరసించిందో తెలుస్తుంది.

అపోహ: సోలార్ పెట్టాం, ఇక కరెంటు గురించి ఆలోచించక్కర్లేదు

మన ఎండకు ఒక కిలోవాట్ సోలార్ సగటున రోజుకు నాలుగు యూనిట్ల దాకా ఇస్తుంది. పైకప్పు బాగుంటే, పగలు లోడ్ ఉంటే మంచి పెట్టుబడే, అందులో వాదం లేదు. కానీ సోలార్ అమ్మేవాళ్లు చెప్పని విషయాలు రెండున్నాయి.

ఒకటి, డిమాండ్ ఛార్జీ. సాయంత్రం ఆరు తర్వాత కూడా ఫుల్ లోడ్ నడిపే ఫ్యాక్టరీలో ఎండీ సాయంత్రమే నమోదవుతుంది. ఆ వేళ ప్యానెళ్లు ఇచ్చేది సున్నా. పైగా ఆ వేళ పీక్ రేటు (వాడకం ఎక్కువగా ఉండే గంటల్లో పడే అదనపు ధర) కూడా ఉంటుంది.

రెండోది ఇంకా చిక్కు. సోలార్ పెట్టాక పవర్ ఫ్యాక్టర్ పడిపోయిందని కంగారుపడే మేనేజర్లు చాలామంది. జరిగేది ఇది: ఫ్యాక్టరీ లోడ్ 200 కిలోవాట్లు, పవర్ ఫ్యాక్టర్ 0.90. అంటే 97 కేవీఏఆర్ రియాక్టివ్ పవర్ కూడా లైన్ నుంచి వస్తోంది. మధ్యాహ్నం సోలార్ 120 కిలోవాట్లు ఇచ్చిందనుకోండి. గ్రిడ్ నుంచి తీసుకునే కిలోవాట్లు 80కి తగ్గాయి, కానీ ఆ 97 కేవీఏఆర్ మాత్రం అలాగే వస్తోంది. ఇప్పుడు గ్రిడ్ మీటరు దగ్గర పవర్ ఫ్యాక్టర్ 0.64. బిల్లయ్యేది 222 కేవీఏ నుంచి 126కి తగ్గింది, అంటే 96. ప్యానెళ్లు 120 ఇస్తే మీ జేబుకు చేరింది 96 అన్నమాట.

మందు ఖరీదైనది కాదు. కెపాసిటర్ ప్యానెల్‌కు సంకేతమిచ్చే సీటీ (కరెంటు కొలిచే ట్రాన్స్‌ఫార్మర్), సోలార్ కలిసే చోటుకు గ్రిడ్ వైపున ఉండాలి, అప్పుడే కెపాసిటర్లను ఆన్–ఆఫ్ చేసే రిలేకు అసలు సంగతి కనిపిస్తుంది. కెపాసిటర్లు చాలకపోతే కలపాలి. చాలా ఇన్వర్టర్లు రియాక్టివ్ పవర్ కూడా ఇవ్వగలవు, సెట్టింగు మారిస్తే చాలు. ప్యానెళ్ల ఆర్డర్ ఇచ్చేటప్పుడే ఈ మూడూ ఎవరు చేస్తారో రాయించుకోండి. తర్వాత అడిగితే మీ ఎలక్ట్రీషియన్ వాళ్లనంటాడు, వాళ్లు మీ ఎలక్ట్రీషియన్‌ను అంటారు.

అపోహ: గాలి ఉచితం

ఎవరూ నోటితో ఇలా అనరు. కానీ బట్టల మీద దుమ్ము దులపడానికి కంప్రెసర్ గాలి వాడే ప్రతి ఫ్యాక్టరీ ఇదే నమ్ముతోంది. ఏడు బార్ ప్రెషర్ దగ్గర మూడు మిల్లీమీటర్ల చిల్లు సుమారు 3 కిలోవాట్లు తినేస్తుంది. ఏడాదికి 8,000 గంటలు నడిస్తే 24,000 యూనిట్లు. ఏడు రూపాయల లెక్కన 1.68 లక్షలు. ఒక్క చిల్లుకు!

లీకులు ఎంతున్నాయో తెలుసుకోవడానికి మాలాంటి ఆడిటర్ల అవసరం కూడా లేదు. ఆదివారం మిషన్లన్నీ ఆపి కంప్రెసర్ ఒక్కటే నడపండి. ఎవరూ గాలి వాడటం లేదు గనక అది లోడ్ తీసుకోకూడదు, అంటే గాలి నింపకుండా ఊరికే (అన్‌లోడ్‌లో) తిరగాలి. ఫోనులో స్టాప్‌వాచ్ పెట్టి, ఎంతసేపు లోడ్ మీద ఉందో, ఎంతసేపు అన్‌లోడ్‌లో ఉందో ఏడెనిమిది సార్లు రాసుకోండి. సగటున ఒకటిన్నర నిమిషం లోడ్, మూడు నిమిషాలు అన్‌లోడ్ అయితే కంప్రెసర్ ఇవ్వగలిగే గాలిలో మూడోవంతు పైపుల్లోంచే పోతోంది. సరిగా చూసుకోని ప్లాంట్లలో 20 నుంచి 30 శాతం లీకు మామూలే. ఆ తర్వాత సబ్బునీళ్లు పట్టుకుని క్విక్ కప్లింగులు, పీయూ (ప్లాస్టిక్) ట్యూబుల జాయింట్లు, ఫిల్టర్ గిన్నెలు చూడండి. డ్రెయిన్ వాల్వ్‌ను ముందు చూడండి. నీళ్లు పోవాలని దాన్ని కొంచెం తెరిచి అలాగే వదిలేసే అలవాటు దాదాపు అన్నిచోట్లా ఉంది.

లీకులు కట్టాక ప్రెషర్ సెట్టింగు తగ్గించే వీలు కలుగుతుంది. ఒక బార్ తగ్గిస్తే కంప్రెసర్ కరెంటు 6–7 శాతం తగ్గుతుంది. లీకులు కట్టకుండా ప్రెషర్ తగ్గిస్తే మాత్రం చివరి మిషన్ దగ్గర గాలి చాలక ఆపరేటర్లు గొడవ చేస్తారు, సాయంత్రానికల్లా సెట్టింగు మళ్లీ పైకి వెళ్తుంది.

అపోహ: వీఎఫ్‌డీ ఎక్కడ పెట్టినా ఆదానే

వీఎఫ్‌డీ అంటే మోటారు వేగాన్ని మార్చే డ్రైవ్. సెంట్రిఫ్యుగల్ పంపులు, ఫ్యాన్ల దగ్గర వేగం 80 శాతానికి దించితే పవర్ సగానికి వచ్చేస్తుంది, ఎందుకంటే అక్కడ పవర్ వేగానికి ఘనంలో మారుతుంది. వాల్వ్ సగం మూసి నడిపే పంపు కనిపిస్తే వీఎఫ్‌డీకి అంతకంటే మంచి చోటు లేదు. కానీ నీళ్లు బాగా ఎత్తుకు ఎక్కించే పంపుకు ఈ ఘనం సూత్రం అంతగా పనిచేయదు. ఎప్పుడూ ఒకే వేగంతో ఫుల్ లోడ్ మీద నడిచే మోటారుకు పెడితే డ్రైవ్‌లో పోయే రెండు మూడు శాతం అదనపు ఖర్చు.

అపోహ: కాలిన మోటారు రీవైండింగ్ చేయిస్తే చవక

15 కిలోవాట్ల మోటారు ముప్పావు లోడ్ మీద ఏడాదికి 6,000 గంటలు నడిస్తే సుమారు 75,000 యూనిట్లు తింటుంది, అంటే ఐదు లక్షల పైనే. దాని ముందు మోటారు ధర ఎంత? ప్రతి రీవైండింగ్‌కీ ఎఫిషియెన్సీ ఒకటి రెండు శాతం పడే అవకాశం ఉంది, పాత వైరు తీయడానికి స్టేటర్‌ను మంటల్లో కాల్చే షాపుల్లో ఇంకా ఎక్కువ. రోజంతా నడిచే మోటారు రెండోసారి కాలితే ఐఈ3 (ఎక్కువ ఎఫిషియెన్సీ తరగతి) మోటారు కొనండి. వారానికోసారి తిరిగే మోటారుకు రీవైండింగే సరి.

అపోహ: కార్బన్ లెక్కలు పెద్ద కంపెనీలకే

సెబీ నియమం ప్రకారం 2022–23 నుంచి బీఆర్ఎస్ఆర్ (పర్యావరణ, సామాజిక బాధ్యతల) నివేదిక తప్పనిసరి అయింది మార్కెట్ విలువలో మొదటి వెయ్యి లిస్టెడ్ కంపెనీలకే. కానీ ఆ కంపెనీలకు విడిభాగాలు, ప్యాకింగ్, పప్పూ ఉప్పూ పంపేది మీలాంటివాళ్లు. వాళ్ల ప్రశ్నపత్రం మీ మెయిల్‌కు వస్తుంది. అది చూసి టెన్షన్ పడక్కర్లేదు. మొదటి లెక్కకు 12 కరెంటు బిల్లులు, డీజిల్ రిజిస్టర్, గ్యాస్ బిల్లులు చాలు. మన గ్రిడ్ కరెంటుకు యూనిట్‌కు సుమారు 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ లెక్క. ఏ ఏడాదికి ఎంతో కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ ప్రకటిస్తుంది. లీటరు డీజిల్‌కు సుమారు 2.7 కిలోలు. ఏడాదికి పది లక్షల యూనిట్లు, పదివేల లీటర్ల డీజిల్ వాడితే కరెంటు వాటా 700 టన్నులు, డీజిల్ వాటా 27. జనరేటర్ పొగ కళ్లకు కనిపిస్తుంది గనక అందరూ దాని గురించే మాట్లాడతారు.

యూరప్ కార్బన్ పన్ను సీబీఏఎం గురించి కూడా భయం ఎక్కువే. అది సిమెంట్, ఇనుము–ఉక్కు, అల్యూమినియం, ఎరువులు, హైడ్రోజన్, విద్యుత్‌కే. భీమవరం రొయ్యలకు దాంతో పని లేదు. ఉక్కు బోల్టులు, నట్లు మాత్రం జాబితాలో ఉన్నాయి. 2026 జనవరి నుంచి అసలు దశ మొదలైంది. పన్ను కట్టేది అక్కడి దిగుమతిదారు, లెక్కలివ్వాల్సింది మీరు.

రైస్ మిల్లుల వాళ్లు "మాది ఊక బాయిలర్, మాకు కార్బన్ లేదు" అంటారు. ఊక నుంచి వచ్చే కార్బన్ డయాక్సైడ్‌ను మొత్తంలో కలపకుండా విడిగా చూపిస్తారు, ఆ మాటవరకు సరే. మోటార్ల కరెంటు, లారీల డీజిల్ అలాగే ఉంటాయి. ఊకకు ఇప్పుడు రేటుంది, చిమ్నీలోంచి పోయే వేడి కూడా డబ్బే: పొగ ఉష్ణోగ్రత 22 డిగ్రీలు తగ్గిస్తే ఒక శాతం ఇంధనం మిగులుతుంది.

అపోహ: "ఆదా అయితేనే ఫీజు" అంటే యజమానికి ఏ రిస్కూ లేదు

ఈ పద్ధతిలో నేనూ పనిచేస్తాను, మంచిదే. కానీ ఆదా దేనితో పోల్చి అనేది ముందే తేలాలి. ఆర్డర్లు లేక ఉత్పత్తి 20 శాతం పడిపోతే బిల్లు ఎవరి ప్రమేయం లేకుండానే తగ్గుతుంది, దానికి ఫీజు కట్టాలా? టారిఫ్ పెరిగి బిల్లు పెరిగితే కన్సల్టెంట్ చేసిన పని వృథా అయినట్టా? అందుకే లెక్క రూపాయల్లో కాకుండా టన్నుకు ఇన్ని యూనిట్లు అని ఉండాలి. కోల్డ్ స్టోరేజీకి అయితే నెలవారీ నిల్వ, గదుల ఉష్ణోగ్రత కూడా పక్కన రాయాలి. పాత ఏడాది అంకెలు పని మొదలుకాకముందే ఇద్దరూ సంతకం పెట్టి ఉంచుకోవాలి. మార్చిన ప్రతి మిషన్‌కు విడి మీటర్ పెట్టించి, దాని రీడింగ్ ఎవరు, నెలలో ఏ తేదీన తీస్తారో ఒప్పందంలోనే రాయించండి.