పెడిక్యూర్ అపోహలు - వాస్తవాలు: ముందు ఆ బ్లేడు పక్కన పెట్టండి

హన్మకొండలో మా పార్లర్‌కు పెడిక్యూర్ కోసం వచ్చేవాళ్లలో చాలామంది కుర్చీలో కూర్చోగానే చెప్పే మాట ఒకటే. "మేడమ్, మడమలు మంచిగ గీకుండ్రి. తెల్లగ రావాలె." నేర్చుకోవడానికి వచ్చే అమ్మాయిలు కూడా మొదటి వారంలోనే అడుగుతారు, బ్లేడు పట్టుకోవడం ఎప్పుడు నేర్పిస్తారని. నేను నేర్పించను. కారణం ప్రతి బ్యాచ్‌కూ చెప్తాను, అడిగిన ప్రతి కస్టమర్‌కూ చెప్తాను. అయినా ఫోన్‌లో ఏదో వీడియో చూసి మళ్లీ అదే అడుగుతారు. అందుకే ఈసారి రాసి పెడుతున్నాను.

అపోహ: ఎంత ఎక్కువ చర్మం తీస్తే అంత మంచి పెడిక్యూర్.

మన పనిలో మనుషులకు ఎక్కువ నష్టం చేసిన అపోహ ఇదే. మిగతావన్నీ దీని తర్వాతే.

మడమ మీద గట్టిపడ్డ చర్మం మురికి కాదు. ఒత్తిడి, రాపిడి పడే చోట శరీరం తనను కాపాడుకోవడానికి పెంచుకున్న పొర అది. కొత్తవాడలో మగ్గం నేసేవాళ్ల అరచేతులు చూడండి. ఎనుమాముల మార్కెట్‌లో బస్తాలు మోసే హమాలీల చేతులు చూడండి. కాయలు కాసి ఉంటాయి. మడమలోనూ జరిగేది అదే. బ్లేడుతో చెక్కేస్తే పొర పోతుంది కానీ ఒత్తిడి పోదు. కస్టమర్ మళ్లీ అదే అరిగిన చెప్పు వేసుకుంటుంది, అదే గచ్చు మీద రోజంతా నిలబడి వంట చేస్తుంది. నెల తిరిగేసరికి మడమ మళ్లీ గట్టిపడుతుంది. ఈసారి ఇంకా లోతుగా గీకమంటుంది.

నేర్చుకునేవాళ్లు గుర్తుపెట్టుకోవాల్సింది ఇంకొకటి ఉంది. చర్మం నీళ్లలో నానాక పై పొర, లోపలి పొర రెండూ ఒకేలా తెల్లగా, మెత్తగా కనిపిస్తాయి. ఎక్కడ ఆగాలో కంటికి తెలియదు. రక్తం కనిపించేదాకా ఆగలేదంటే అప్పటికే ఆలస్యమైనట్టు. అమెరికాలో చాలా రాష్ట్రాలు సెలూన్లలో ఈ మడమ బ్లేడును నిషేధించాయి. ఇక్కడ మాత్రం బ్యూటీ సామాన్ల దుకాణంలో ఎవరికైనా దొరుకుతుంది, అందుకే అది మామూలు పనిముట్టే అనుకుంటున్నారు.

ఆరోగ్యంగా ఉన్న మనిషికైతే తెగినచోట రెండు రోజులు మండి తగ్గిపోవచ్చు. షుగర్ ఉన్నవాళ్ల సంగతి వేరు. 2023లో వచ్చిన ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) అధ్యయనం ప్రకారం దేశంలో 10 కోట్ల మందికి పైగా షుగర్ ఉంది. తమకు షుగర్ ఉందని తెలియనివాళ్లు కూడా చాలామంది ఉంటారు. మన కుర్చీలో కూర్చునే నడివయసు వాళ్లలో అలాంటివాళ్లు ఉండరని ఎవరు చెప్పగలరు? ఏళ్ల తరబడి షుగర్ ఎక్కువగా ఉంటే పాదాల్లో నరాలు దెబ్బతింటాయి, స్పర్శ తగ్గుతుంది. కొందరిలో కాళ్లకు రక్తం అందడమూ తగ్గుతుంది. అంటే గాయమైతే తెలియదు, తెలిసినా తొందరగా మానదు. ఇలాంటి కాలి మీద చిన్న గాటు కూడా పుండుగా మారి, వేలు తీసేసేదాకా, కొన్నిసార్లు కాలు తీసేసేదాకా పోతుంది.

పరకాల వైపు నుంచి ఒక పెద్దమ్మ చిన్న కూతురి పెళ్లికి ముందు మా దగ్గరకు వచ్చింది. మడమ పక్కన పెద్ద మచ్చ కనిపిస్తే ఏమైందని అడిగాను. పెద్ద కూతురి పెళ్లప్పుడు వేరే చోట మడమలు గీకించుకుందట. గీకుతుంటే ఏమీ అనిపించలేదు. మర్నాడంతా పెళ్లి పందిట్లో చెప్పుల్లేకుండా తిరిగింది. గచ్చు మీద మరకలు చూసి ఎవరో చెప్తే గానీ రక్తం కారుతున్నట్టు తెలియలేదు. పసుపు అద్దుకుని ఊరుకుంది. వారం తిరిగేసరికి కాలు వాచి జ్వరం వచ్చింది. తర్వాత ఆసుపత్రి, నెలల తరబడి డ్రెస్సింగ్. ఇదంతా చెప్పి ఆఖరికి ఆమె అన్న మాట: "నొప్పైతే ఆపమనేదాన్ని గదా బిడ్డా. నాకు నొప్పే తెల్వకపాయె."

ఈ మాట వింటే చాలామంది పార్లర్ వాళ్లు ధైర్యం తెచ్చుకుంటారు. నొప్పి లేదంటోంది కదా, ఇంకొంచెం తీద్దాం అనుకుంటారు. నేను నా స్టూడెంట్స్‌కు దీనికి సరిగ్గా వ్యతిరేకంగా నేర్పిస్తాను. నొప్పి తెలియడం లేదు, వేడి తెలియడం లేదు, కాళ్లు మొద్దుబారినట్టున్నాయి, దూది మీద నడిచినట్టుంది అని కస్టమర్ అంటే చేతిలో ఏముంటే అది కింద పెట్టేయాలి.

టబ్బులో నీళ్లు పోయకముందే మేం చేసే పరీక్ష ఒకటి ఉంది. ఇప్స్‌విచ్ టచ్ టెస్ట్ అంటారు. ఎవరైనా నేర్చుకోవచ్చు. కస్టమర్‌ను కళ్లు మూసుకోమని చెప్పండి. ఒక్కో పాదంలో బొటనవేలు, మధ్యవేలు, చిటికెనవేలు కొసలను మీ చూపుడువేలితో ఒకటి రెండు సెకన్లు తేలిగ్గా తాకండి. నొక్కకూడదు, గీరకూడదు. తాకినప్పుడల్లా ఆమె చెప్పాలి. రెండు పాదాల్లో కలిపి 6 చోట్లలో 2 గానీ అంతకన్నా ఎక్కువ గానీ తెలియకపోతే స్పర్శ తగ్గినట్టే లెక్క. అప్పుడు కాళ్లు నానబెట్టడం లేదు, మడమ రుద్దే ఫైల్ లేదు, స్క్రబ్ లేదు. డాక్టర్‌కు చూపించుకోమని చెప్పి పంపిస్తాం. ఇది రోగ నిర్ధారణ కాదు, ఆ పని మనది కాదు కూడా. ఎవరిని ముట్టుకోకూడదో తెలుసుకోవడానికి మాత్రమే.

అలా చెప్పినప్పుడు భయపడేవాళ్లు ఉంటారు. "నా కాలు తీసేస్తరా మేడమ్?" అని కళ్లనీళ్లు పెట్టుకున్నవాళ్లూ ఉన్నారు. వాళ్లను కంగారు పెట్టకండి. స్పర్శ తగ్గింది అనగానే కాలు పోయినట్టు కాదు. షుగర్ అదుపులో పెట్టుకుని, రోజూ పాదాలు చూసుకుని, ఇంట్లో కూడా మెత్తటి చెప్పులు వేసుకుని ఏళ్ల తరబడి బాగా ఉన్నవాళ్లు ఎందరో ఉన్నారు. అరికాలు కనిపించకపోతే కింద అద్దం పెట్టుకుని చూసుకోమని చెప్పండి, లేదా కోడలినో మనవరాలినో చూడమని చెప్పండి. మెడికల్ షాపులో ఆనెలకు అమ్మే పట్టీలు మాత్రం షుగర్ ఉన్నవాళ్లు సొంతంగా వేసుకోకూడదు. వాటిలో ఉండే సాలిసిలిక్ యాసిడ్ పక్కన ఉన్న మంచి చర్మాన్ని కూడా తినేస్తుంది.

మరి ఆరోగ్యంగా ఉన్నవాళ్ల మడమలకు ఏం చేయాలి? ఫుట్ ఫైల్ చాలు. పొడి పాదం మీద, ఒకే దిశలో, తేలిగ్గా. చర్మం గులాబీ రంగుకు తిరుగుతుంటే, వెచ్చగా తగులుతుంటే ఆపేయాలి. కొంచెం గరుకు మిగిలినా నష్టం లేదు. అసలు పని ఆ తర్వాత ఇంట్లో జరుగుతుంది. యూరియా ఉన్న క్రీమ్ రోజూ స్నానం కాగానే, రాత్రి పడుకునే ముందు రాసుకోవాలి. మామూలు పొడిదనానికి 10 శాతం యూరియా సరిపోతుంది, మడమ బాగా గట్టిపడితే 25 శాతం దాకా వాడతారు. వేళ్ల సందుల్లో మాత్రం రాయకూడదు, అక్కడ తేమ నిలిచి పాచిపోతుంది. పగులు లోతుగా ఉండి రక్తం కనిపిస్తుంటే ఫైల్ కూడా వద్దు. అయ్యప్ప మాల వేసుకున్న స్వాములు 41 రోజులు చెప్పుల్లేకుండా తిరిగి, పైగా చలికాలం, మడమలు చీలిపోయి వస్తారు. వాళ్లకు నేను మొదట క్రీమ్ చెప్పి పంపిస్తాను. పగుళ్లు మూసుకున్నాకే పెడిక్యూర్. కస్టమర్ పోతాడని మా అమ్మాయిలకు టెన్షన్. పోయినవాళ్లు ఉన్నారు, తిరిగి వచ్చినవాళ్లే ఎక్కువ.

అపోహ: నీళ్లలో డెట్టాల్ వేశాం, యూవీ లైటు డబ్బాలో పెట్టాం, సామాన్లు శుభ్రమైనట్టే.

వాసన వస్తే శుభ్రమైనట్టు కాదు. ముందు సబ్బునీళ్లతో బ్రష్ పెట్టి కడగాలి, ఆరబెట్టాలి, ఆ తర్వాతే మందు. చర్మం తునకలు అంటుకుని ఉన్న నిప్పర్‌ను (గోళ్లు, చర్మం కత్తిరించే చిన్న కట్టర్‌ను) ఏ మందులో ముంచినా ఆ తునక కింద క్రిములు అలాగే ఉంటాయి. చర్మాన్ని తెంపే అవకాశం ఉన్న ఇనుప సామాన్లకు ఆటోక్లేవ్ (ఆవిరితో క్రిములు చంపే మెషిన్) ఉండాలి, 121 డిగ్రీల ఆవిరిలో కనీసం 15 నిమిషాలు. యూవీ డబ్బా శుభ్రం చేసిన వాటిని దాచుకోవడానికి పనికొస్తుంది, అంతే. ఫైళ్లు, గోళ్ల దగ్గర వాడే నారింజ కర్రలు (ఆరెంజ్ స్టిక్స్) ఒక్క మనిషికే. హెచ్‌ఐవీ వస్తుందేమోనని చాలామంది భయంగా అడుగుతారు. ఆ వైరస్ బయట ఎక్కువసేపు బతకదు. హెపటైటిస్ బి అలా కాదు, ఎండిన రక్తంలో కనీసం 7 రోజులు బతికి ఉంటుంది. అడగాల్సింది దాని గురించి. దానికి టీకా ఉంది. ఈ పనిలోకి వచ్చే ప్రతి అమ్మాయీ వేయించుకోవాలి.

బుడగలొచ్చే ఫుట్ స్పా మెషిన్ ఉంటేనే పెద్ద పార్లర్ అనుకోవడం కూడా తప్పే. 2000లో అమెరికాలోని ఉత్తర కాలిఫోర్నియాలో ఒకే సెలూన్‌కు వెళ్లిన 100 మందికి పైగా కస్టమర్ల కాళ్ల మీద మొండి పుండ్లు లేచాయి. అక్కడి ఫుట్ స్పా మెషిన్లు విప్పి చూస్తే నీళ్లు తిరిగే జాలీ వెనక వెంట్రుకలు, చర్మం ముక్కలు పేరుకుని ఉన్నాయి. అక్కడే క్రిములు పెరిగాయి. ముందుగా కాళ్లకు రేజర్ వాడినవాళ్లకే ఈ బెడద ఎక్కువగా వచ్చింది. మన దగ్గర పెళ్లి ప్యాకేజీలో వ్యాక్సింగ్, పెడిక్యూర్ ఒకే పూట పెట్టేస్తాం కదా. మేం పెడిక్యూర్ ముందు చేసి, వ్యాక్సింగ్ తర్వాత పెడతాం. టబ్బు మాత్రం మామూలు ప్లాస్టిక్‌దే, ప్రతి మనిషికీ లోపల కొత్త కవర్.

క్యూటికిల్ (గోరును అంటుకుని ఉండే పల్చటి చర్మం) మొత్తం కత్తిరించాలనేది ఇంకో మొండి నమ్మకం. అది గోటి మొదట్లో క్రిములు లోపలికి పోకుండా ఆపే సీలు. మెత్తబరిచి వెనక్కి నెట్టండి, ఊడి వేలాడే ముక్కను మాత్రమే కత్తిరించండి. కోస్తే వచ్చేది గోరుచుట్టు. దానికి నిమ్మకాయ తొడిగించి పంపకండి, చీము పడితే డాక్టరే చూడాలి. కాలి గోళ్లు నేరుగా కత్తిరించాలి, మూలలు లోపలికి తవ్వొద్దు.

మెట్టెల దగ్గర మన పని ఓపికగా ఉండాలి. తీయమంటే చాలామంది ఒప్పుకోరు, బలవంతం చేయొద్దు. కొంచెం పైకి జరిపి కింద తుడిచి, తడి లేకుండా ఆరబెట్టండి. వేలు వాచి మెట్టె కదలకపోతే సబ్బు రాసి లాగకండి. ఆ సంగతి ఆమెకూ, ఇంట్లోవాళ్లకూ చెప్పి ఆసుపత్రికి పంపించండి.

ఆఖరుగా పచ్చబడి మందమైన గోరు. నాట్ల సీజన్‌లో రోజంతా బురదలో నిలబడేవాళ్లలో, ఎప్పుడూ బిగుతు బూట్లలో ఉండేవాళ్లలో ఇది ఎక్కువగా చూస్తాం. రెండు సిట్టింగుల్లో పోతుందని మాట ఇవ్వకండి, పైన పాలిష్ వేసి దాచకండి. ఫంగస్ అయితే చర్మ డాక్టర్ గోటి ముక్క పరీక్ష చేయించి మందు రాస్తారు. బొటనవేలి గోరు పూర్తిగా కొత్తది రావడానికి ఏడాది నుంచి ఏడాదిన్నర పడుతుంది. పెళ్లి వచ్చే నెలలో ఉన్న అమ్మాయికి ఈ మాట చెప్పడం కష్టంగానే ఉంటుంది, అయినా చెప్పండి. డాక్టర్ దగ్గరకు వెళ్లేలోపు గోరు కొంచెం కత్తిరించి ఇవ్వాల్సి వస్తే ఆ కాలిని ఆఖరున చూడండి, కట్టర్‌ను ఆటోక్లేవ్‌లోకి పంపే ముందు కడగడం మరిచిపోవద్దు, వాడిన ఫైల్‌ను ఆమె కళ్ల ముందే చెత్తబుట్టలో వేయండి.