వచ్చిన దారినే వెళ్ళే మాట

కొళాయి కారుతుంటే మార్చే వాషర్ తెలుసు కదా, మధ్యలో బెజ్జం ఉన్న చిన్న బిళ్ళ. దాని చుట్టూ సన్నటి రాగి తీగ చుట్టి, అలాంటి చుట్టలు కొన్ని బోర్డు మీద నిలబెట్టి రేడియో కట్టి, దాంతో దేశాలు దాటి మాట్లాడినవాళ్ళు ఉన్నారు. ఇది మన హైదరాబాద్‌లో పుట్టిన డిజైన్ అండి. అష్హర్ ఫర్హాన్ గారు 2000ల మొదట్లో హామ్‌ల కోసం, అంటే సరదాగా రేడియోలో ఒకరితో ఒకరు మాట్లాడుకునేవాళ్ళ కోసం, వినడానికీ పంపడానికీ పనికొచ్చే బిట్ఎక్స్20 అనే రేడియో సర్క్యూట్ గీసి, ఎలా పనిచేస్తుందో రాసి, ఎవరైనా కట్టుకోండి అని అందరి ముందూ పెట్టేశారు. అప్పట్లో మంచి రేడియో సెట్ కావాలంటే బయటి దేశం నుంచి తెప్పించుకోవాలి, అది అందరి వల్లా అయ్యే పని కాదు, అందుకే ఆయన టీవీ రిపేర్ చేసేవాళ్ళ దగ్గర దొరికే సామానుతోనే అయిపోయేలా చూశారు. టొరాయిడ్ కోర్, అంటే తీగ చుట్టే ఐరన్ పౌడర్ రింగు, దొరక్కపోతే కొళాయి వాషర్, రేడియో కోసమే చేసే పవర్ ట్రాన్సిస్టర్ బదులు ఐఆర్ఎఫ్510. ఈ ఐఆర్ఎఫ్510 అసలు రేడియో కోసం చేసింది కాదు, పవర్ సప్లైల్లో, మోటార్లు ఆన్ ఆఫ్ చెయ్యడానికి వాడే స్విచ్ లాంటిది, అయినా 14 మెగాహెర్ట్జ్ దగ్గర ఐదారు వాట్లు ఇస్తుంది.

వాషర్‌లో అయస్కాంత గుణం ఏమీ ఉండదు, గాలి మీద చుట్టినట్టే లెక్క. మరి వాషర్ ఎందుకంటే ఆకారం కోసం. గుండ్రంగా గారెలాగా చుట్టిన కాయిల్‌లో అయస్కాంత క్షేత్రం చాలావరకు ఆ చుట్ట లోపలే తిరుగుతుంది, పక్క కాయిల్ జోలికి పెద్దగా పోదు. ఐరన్ పౌడర్ కోర్ ఉంటే తక్కువ చుట్లతో పని అవుతుంది, వాషర్‌కి ఎక్కువ చుట్లు వెయ్యాలి, తేడా అంతే.

విడిభాగాలు కొని మనమే కట్టుకునే కిట్లు కొత్తేం కాదు. అమెరికాలో హీత్‌కిట్ వాళ్ళు రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక మిగిలిపోయిన సైన్యం సామాను కొని 1947లో ఆసిలోస్కోప్ (సిగ్నల్ అలల్ని తెర మీద చూపించే పరికరం) కిట్ అమ్మడం మొదలెట్టి 1992 దాకా కిట్లు అమ్మారు, ఎంతోమంది ఇంజనీర్లు చిన్నప్పుడు వాటి మీదే సోల్డరింగ్ నేర్చుకున్నారు. కానీ నాకు బిట్ఎక్స్ మీద ఉన్న ప్రేమ మన ఊరిది అని మాత్రమే కాదు, అందులో ఒక ఆలోచన ఉంది, అది అర్థమైన రోజు నాకు నిద్ర పట్టలేదు.

మామూలుగా ట్రాన్సీవర్ అంటే వినే రిసీవర్ ఒకటి, పంపే ట్రాన్స్‌మిటర్ ఒకటి, రెండూ ఒకే డబ్బాలో. బిట్ఎక్స్‌లో చాలా భాగం ఒక్కటే దారి. వినేటప్పుడు యాంటెనా నుంచి వచ్చిన 14 మెగాహెర్ట్జ్ సిగ్నల్ మిక్సర్‌లో, లోపలే 4 మెగాహెర్ట్జ్ పుట్టించే ఆసిలేటర్‌తో కలిసి రెంటి తేడా 10 మెగాహెర్ట్జ్ అవుతుంది, సన్నటి ఫ్రీక్వెన్సీ ముక్కని మాత్రమే పోనిచ్చే క్రిస్టల్ ఫిల్టర్ గుండా పోతుంది, రెండో మిక్సర్‌లో మళ్ళీ కలిసి మాటగా మారి స్పీకర్‌కి చేరుతుంది. మాట్లాడేటప్పుడు సరిగ్గా రివర్స్. మైక్ నుంచి వచ్చిన మాట ఆ రెండో మిక్సర్‌లోకి, అక్కడ్నుంచి అదే ఫిల్టర్‌లోకి, అక్కడ్నుంచి మొదటి మిక్సర్‌లోకి, తర్వాత పవర్ ఆంప్లిఫయర్, యాంటెనా. డయోడ్లతో కట్టిన మిక్సర్‌కి ఇటు అటు అని లేదు, క్రిస్టల్ ఫిల్టర్‌కీ లేదు, ఎటు నుంచి వచ్చినా ఒకటే. దిక్కు ఉండేది ట్రాన్సిస్టర్ ఆంప్లిఫయర్లకే, అందుకని రెండు ఆంప్లిఫయర్లని ఎదురెదురుగా పెట్టి, వినేటప్పుడు ఒకదానికి, మాట్లాడేటప్పుడు ఇంకోదానికి 12 వోల్టులు ఇస్తారు, కరెంటు లేనిది నోరు మూసుకుని పక్కన ఉంటుంది. మైక్ బటన్ నొక్కడం అంటే 12 వోల్టుల్ని ఈ తీగ మీద నుంచి ఆ తీగ మీదకి మార్చడమే. వచ్చిన దారినే మాట వెనక్కి వెళ్తుంది!

మధ్యలో ఉన్న క్రిస్టల్ ఫిల్టర్ గురించి కూడా చెప్పాలి. పాత ఏఎం పద్ధతిలో మాట పంపితే, గట్టిగా మాట్లాడినప్పుడు కూడా మూడింట రెండొంతుల పవర్ క్యారియర్‌కే, అంటే మాటని మోసే అలకే పోతుంది, అందులో మాట ఏమీ ఉండదు. మిగిలిన వంతులో అదే మాట రెండు కాపీలుగా క్యారియర్‌కి అటూ ఇటూ ఉంటుంది. ఆ క్యారియర్‌ని అణిచేసి, ఒక కాపీని తీసేసి, రెండోదాన్ని మాత్రం పంపితే ఉన్న ఆ కాస్త పవరూ మాటకే పోతుంది, దీన్నే సింగిల్ సైడ్‌బ్యాండ్ అంటారు. ఆ కాపీని కోసేసే కత్తి క్రిస్టల్ ఫిల్టర్. కంప్యూటర్ బోర్డుల మీద వాడే మామూలు 10 మెగాహెర్ట్జ్ క్రిస్టల్స్ నాలుగు వరసగా పెడితే రెండు మూడు కిలోహెర్ట్జ్ వెడల్పు సందు వస్తుంది, మన గొంతు పట్టేంత. కాకపోతే నాలుగింటి ఫ్రీక్వెన్సీలూ ఒకదానికొకటి చాలా దగ్గరగా ఉండాలి, అందుకని ఒక 20 కొని ఒక్కోటీ ఆసిలేటర్‌లో పెట్టి కొలిచి జత కలిసినవి ఏరుకోవాలి. హైదరాబాద్ కోఠిలో గుజరాతీ గల్లీకి వెళ్తే ఇలాంటివన్నీ దొరుకుతాయి.

నేను కట్టింది బిట్ఎక్స్20ని 40 మీటర్ల బ్యాండుకి, అంటే 7 మెగాహెర్ట్జ్‌కి మార్చిన పార్ట్స్ కిట్. కాయిల్స్ చుట్టేటప్పుడు మా అమ్మాయి పక్కన కూర్చుని లెక్కపెట్టింది. తీగ బెజ్జంలోంచి ఒకసారి దూరితే ఒక చుట్టు, బయట ఎన్నిసార్లు కనిపించిందన్నది లెక్క కాదు, ఇక్కడే చాలామంది ఒక చుట్టు అటో ఇటో వేసేస్తారు. ఐదు రోజులు సాయంత్రాలు కూర్చుని అంతా అయ్యాక ఆన్ చేస్తే స్పీకర్‌లో సన్నగా సుయ్యిమని శబ్దం, అంతకు మించి ఏమీ లేదు, బ్యాండ్ మొత్తం తిప్పినా ఒక్క గొంతు వినిపించలేదు.

అప్పుడు వెనక నుంచి మొదలెట్టా. చిన్న స్క్రూడ్రైవర్ మొన మీద వేలు పెట్టి వాల్యూమ్ కంట్రోల్ కాలికి తాకిస్తే బుర్రుమంది, అంటే ఆడియో బాగుంది. తర్వాత దాని ముందు స్టేజ్, టప్ మంది. ఫిల్టర్ అవతల, టప్ మంది. మొదటి మిక్సర్ దాకా వచ్చేసింది. యాంటెనా వైపు ఫిల్టర్‌లో రెండో కాయిల్ ఒక కాలు తాకితే శబ్దం, ఇంకో కాలు తాకితే నిశ్శబ్దం. చూడ్డానికి సోల్డర్ అద్దంలా మెరుస్తోంది, మల్టీమీటర్ పెడితే కనెక్షన్ లేదు. ఎనామెల్ వైర్ మీద ఉండే ఆ పల్చటి పూత నేను సరిగ్గా గీకలేదు, సోల్డర్ ఆ పూత చుట్టూ ముద్దగా కూర్చుంది కానీ రాగిని అంటుకోలేదు. బ్లేడుతో రాగి ఎర్రగా మెరిసేదాకా గీకి మళ్ళీ అంటించా. అంతే, ఎవరో తమిళంలో మాట్లాడుతున్నారు, దాని పక్కనే ఇంకెవరో హిందీలో, పైన ఎక్కడో టకటకా మోర్స్. ఆ నిమిషం నేను కుర్చీలోంచి లేచి నిలబడిపోయాను.

కొన్న సెట్టు పాడైతే సర్వీస్ సెంటర్ వెతుక్కోవాలి, దీనికి మాత్రం ఏ స్క్రూ వెనక ఏముందో చేతులకి గుర్తుంటుంది. నా దృష్టిలో కిట్ సొంతం అవ్వడం అంటే డబ్బు కట్టిన రోజున కాదు, ఇలా ఒకసారి చచ్చినదాన్ని బతికించుకున్న రోజున. 2016లో వచ్చిన బిట్ఎక్స్40, 2017 చివర్లో వచ్చిన మైక్రో బిట్ఎక్స్ రెడీమేడ్ బోర్డులే, కాయిల్స్ కూడా హైదరాబాద్ ఆడవాళ్ళు చేత్తో చుట్టి ఇచ్చేవారు, మనం వైర్లు కలిపి డబ్బాలో పెట్టుకుంటే చాలు. అవి ప్రపంచమంతా వెళ్ళాయి. వాటిలో ఫ్రీక్వెన్సీ జారిపోకుండా ఎస్ఐ5351 చిప్పు, దాన్ని నడిపే ఆర్డుయినో అనే చిన్న కంప్యూటర్ బోర్డు ఉంటాయి, దాని ప్రోగ్రామ్ కూడా అందరికీ ఇచ్చారు కాబట్టి ఎవరికి నచ్చినట్టు వాళ్ళు మార్చుకున్నారు. మొదటిసారి కట్టేవాళ్ళకి నేను అదే తరహా బోర్డు చెప్తాను, కాయిల్స్ మోజు తర్వాత తీర్చుకోవచ్చు.

పంపడం మొదలెట్టే ముందు లైసెన్స్ తప్పనిసరి. కేంద్ర టెలికం శాఖ పెట్టే పరీక్ష రాయాలి, రిస్ట్రిక్టెడ్ గ్రేడ్‌కి మోర్స్ అక్కర్లేదు, వీయూ3తో మొదలయ్యే కాల్‌సైన్, అంటే రేడియోలో మన గుర్తింపు పేరు, వస్తుంది. ఇది కాగితం పని అని చిరాకు పడొద్దు. ఐఆర్ఎఫ్510 నుంచి 7 తో పాటు 14, 21 మెగాహెర్ట్జ్ కూడా బయటికొస్తాయి, చివర్లో ఆ పై ఫ్రీక్వెన్సీలని ఆపే లో పాస్ ఫిల్టర్ సరిగ్గా కట్టకపోతే మన మాట ఎవరిదో బ్యాండులో పోయి పడుతుంది, అది తెలియకుండా మైక్ పట్టుకోకూడదు.

మొదటి ట్రాన్స్‌మిషన్ యాంటెనాకి కాదు, డమ్మీ లోడ్‌కి, అంటే పవర్‌ని వేడిగా మార్చేసే రెసిస్టర్లకి ఇవ్వాలి. ఒక వాట్ 1 కిలో ఓం రెసిస్టర్లు 20 పక్కపక్కన పారలల్‌గా కలిపితే 50 ఓములు, 20 వాట్లు తట్టుకుంటుంది. ఐఆర్ఎఫ్510 వీపు మీద ఉన్న రేకు దాని డ్రెయిన్‌కే, అంటే సప్లై వచ్చే కాలికే కలిసి ఉంటుంది, హీట్‌సింక్‌కి మధ్య మైకా ముక్క మర్చిపోతే సప్లై షార్ట్. బయాస్ ప్రీసెట్, అంటే ఆ ట్రాన్సిస్టర్ ఊరికే ఉన్నప్పుడు ఎంత కరెంటు తీసుకోవాలో పెట్టే చిన్న కంట్రోల్, పూర్తిగా తక్కువకి తిప్పి, ఆమీటర్ చూస్తూ మెల్లిగా పెంచాలి. తర్వాత మైక్‌లో ఈల వేసి ఒకే స్వరం పట్టి లోడ్ మీద డయోడ్‌తో కొలిస్తే నాకు 22 వోల్టుల పీక్ వచ్చింది, అంటే 5 వాట్లు, మనింట్లో ఉండే చిన్న ఎల్ఈడీ బల్బు తాగేంత.

డాబా మీద రెండు వైపులా పదేసి మీటర్ల తీగ యాంటెనాగా కట్టి, చీకటి పడేముందు పిలిచా. నాలుగోసారికి బెంగళూరు నుంచి ఒకాయన పలికారు. మాట తెలుస్తోంది కానీ గొంతు మరీ పల్చగా ఉంది, రేకు డబ్బాలోంచి వచ్చినట్టుంది అన్నారు. మూత తీసి చూస్తే మైక్ దగ్గర కెపాసిటర్ 0.1 మైక్రోఫారడ్, అది బొంగురు శబ్దాలని, తక్కువ ఫ్రీక్వెన్సీలని దాటనివ్వట్లేదు, దాన్ని పీకి 1 మైక్రోఫారడ్ పెట్టా. మర్నాడు అదే టైముకి ఆయన్నే పిలిచా.

"ఇవాళ వేరే సెట్టు మీద ఉన్నారా?" అన్నారు.