ఏడీహెచ్‌డీ: అల్లరి చెయ్యని పిల్ల సంగతేంటి?

ఏడీహెచ్‌డీ, అంటే ధ్యాస నిలవకపోవడం, కుదురు లేకపోవడం అనే సమస్య, అనగానే మనకి గుర్తొచ్చేది ఒక్కచోట కుదురుగా కూర్చోకుండా, టీచర్ ప్రశ్న పూర్తి చెయ్యకముందే జవాబు అరిచేసే పిల్లాడు. అదే క్లాసులో వెనక బెంచీలో ఏ గొడవా లేకుండా నోట్‌బుక్ తెరుచుకుని, పావుగంట నుంచి ఒక్క లైనూ రాయని అమ్మాయికి కూడా అదే ఉండొచ్చు, కానీ ఆ పిల్లని ఎవరూ డాక్టర్ దగ్గరకి తీసుకెళ్లరు, పరధ్యానం ఎక్కువ అనేసి ఊరుకుంటారు.

అమెరికా సైకియాట్రిస్టుల మాన్యువల్ డీఎస్ఎమ్ కూడా దీని రకాల మీద చాలాసార్లు మాట మార్చింది. 1980లో హైపర్‌యాక్టివిటీ, అంటే కుదురు లేకపోవడం, ఉన్నదీ లేనిదీ అని రెండన్నారు, 1987లో కలిపేశారు, 1994లో మళ్లీ మూడు చేశారు: ధ్యాస నిలవనిది, కుదురు లేనిది, రెండూ ఉన్నది. 2013లో అసలు రకాలు అనే మాటే తీసేసి ‘ప్రెజెంటేషన్’ అన్నారు, అంటే ప్రస్తుతానికి ఇలా కనిపిస్తోంది అని. ఇది ఉత్త పేర్ల గోల కాదు, నాలుగేళ్లప్పుడు సోఫాలెక్కి దూకిన పిల్లాడు పదేళ్లకి కాస్త కూర్చోవడం నేర్చుకుంటాడు, ధ్యాస మాత్రం నిలవదు, మరి వాడిని ఏ రకం అనాలి?

టెస్టులు పెట్టి తేల్చొచ్చు కదా అంటారా, కంటిన్యువస్ పెర్ఫార్మెన్స్ టెస్ట్ అని ఒకటుంది, 1956లో మెదడు దెబ్బతిన్నవాళ్ల కోసం తయారుచేశారు. అక్షరాలు ఒకదాని వెనక ఒకటి వస్తుంటాయి, ఎక్స్ వస్తేనే బటన్ నొక్కాలి. ఎక్స్ వచ్చినా నొక్కలేదంటే ధ్యాస జారింది, రాకుండానే నొక్కేశారంటే చెయ్యి ఆగలేదు. లెక్క ప్రకారం మొదటి తప్పు పరధ్యానం పిల్లలు, రెండోది దూకుడు పిల్లలు చెయ్యాలి. అంత నీట్‌గా విడిపోలేదు! రకాల తేడా కంటే ఎక్కువగా కనిపించింది స్పీడులో నిలకడ లేకపోవడం, ఒకసారి టక్కున నొక్కుతారు, ఇంకోసారి ఎప్పటికో.

‘ఫోన్‌లో గేమ్ అయితే గంటలు గంటలు ఆడతాడండీ, ధ్యాస లేకపోవడం ఏంటి’ అని తల్లిదండ్రులు అడుగుతారు, న్యాయమైన ప్రశ్నే. గేమ్‌లో క్షణక్షణానికీ పాయింట్లు, శబ్దాలు వస్తుంటాయి, ఎక్కాల పుస్తకంలో ఏమీ రావు. ధ్యాస అసలు లేక కాదు, అవసరమైన చోట పెట్టి అక్కడే ఆపడం కష్టం.

అందుకే డాక్టర్లు ఒక్క టెస్ట్‌తో తేల్చరు. 12 ఏళ్ల లోపే మొదలైందా, 6 నెలలుగా ఉందా, ఇంట్లో బళ్లో రెండుచోట్లా ఉందా అని అడుగుతారు, టీచర్‌కి కూడా ఫారం ఇస్తారు. ఆ ఫారం దాకా రావాలన్నా ముందు ఎవరికో ఒకరికి అనుమానం రావాలి, యాభైమంది పిల్లల క్లాసులో టీచర్ కంటపడేది ముందు అరిచేవాడే.