ఒకే వడ్లు, రెండు బియ్యాలు

బరంపురంలోనో పర్లాకిమిడిలోనో బియ్యం కొట్టుకెళ్తే అడిగే మొదటి మాట: అరువా కావాలా, ఉసునా కావాలా? అరువా అంటే మన పచ్చి బియ్యం, ఉసునా అంటే ఉప్పుడు బియ్యం. ఒడియా ఇళ్లలో పఖాళకు, అంటే నీళ్లు పోసి నానబెట్టిన అన్నానికి, ఉసునాయే వాడుక. మన తెలుగిళ్లలో చాలామందికి అది ముతక, పైగా వాసన. రుచి ఎవరిది వాళ్లదే కానీ, ఒంటి లెక్క వేరు.

బరంపురం ఉన్న గంజాం జిల్లా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న రోజుల్లో ఈ ఉత్తర సర్కారు తీరం బెరిబెరికి పేరుపడింది. కాళ్లు తిమ్మిరెక్కి పట్టు తప్పడం, కొందరికి ఒళ్లు నీరు పట్టి గుండె బలహీనపడటం దీని లక్షణాలు. నీలగిరుల్లోని కూనూరులో పోషకాహార పరిశోధన మొదలుపెట్టిన వైద్యుడు రాబర్ట్ మెక్‌కారిసన్ 1920లలో ఈ ప్రాంతపు బెరిబెరికీ బియ్యానికీ ఉన్న సంబంధాన్ని పరిశీలించారు. ఇక్కడి తిండి ఎక్కువగా మిల్లాడిన పచ్చి బియ్యం. ఉప్పుడు బియ్యం తినేచోట ఆ జబ్బు అరుదు.

కారణం తెలియాలంటే అన్నం వెంట ఒంట్లోకి వెళ్లాలి. అన్నంలోని పిండిపదార్థం నోట్లో కొంత, చిన్నపేగులో మిగతాది విడిపోయి గ్లూకోజ్‌గా రక్తంలో కలుస్తుంది. కొంత కాలేయంలోనూ కండరాల్లోనూ నిలవ ఉంటుంది. మిగిలినది కణంలో పైరువేట్ అనే చిన్న ముక్కలవుతుంది. అప్పటికి వచ్చిన శక్తి చాలా కొద్ది. అసలు శక్తి కణంలోని పొయ్యిలాంటి మైటోకాండ్రియా లోపల పుడుతుంది. పైరువేట్‌ను అక్కడ మండేలా మార్చే ఎంజైముకు థయమిన్, అంటే బి1 విటమిన్, తోడుండాలి. అది చాలకపోతే పైరువేట్ లాక్టేట్‌గా మారి పేరుకుంటుంది. ఎడతెగకుండా పనిచేసే గుండె, గ్లూకోజ్ మీదే బతికే నరాలు ముందు దెబ్బతింటాయి. ఎంత ఎక్కువ అన్నం తింటే అంత థయమిన్ కావాలి. అందుకే కడుపునిండా తిన్నవాడికీ ఈ జబ్బు వచ్చేది. ఒంట్లో ఉండే నిలవ రెండు మూడు వారాలకు మించి రాదు.

గింజలో థయమిన్ ఎక్కువగా తవుడు పొరలోనూ మొలకెత్తే ముక్కులోనూ ఉంటుంది. పచ్చి వడ్లను మరపడితే రెండూ తవుడులోకే పోతాయి. ఉప్పుడు బియ్యానికి వడ్లను నానబెట్టి, ఊక ఉండగానే ఆవిరి పట్టి, ఎండబెట్టి ఆడిస్తారు. ఆ తడి వేడిలో థయమిన్ కొంత గింజ లోపలికి చేరుతుంది. పిండి జిగురెక్కి గింజ గట్టిపడుతుంది. చన్నీళ్లలో ఒకటి రెండు రోజులు నానితే పులిసి వాసనొస్తుంది. మనవాళ్లు ముక్కు చిట్లించేది దానికే. 65–70 డిగ్రీల వేడి నీళ్లలో కొన్ని గంటలు నానబెడితే ఆ వాసన రాదు. ఆవిరి పట్టాక ఒక్కసారిగా మండుటెండలో ఆరబోస్తే గింజ బీటలు వారి నూక ఎక్కువవుతుంది. కొంత ఎండ, కొంత నీడ ఉండాలి.

100 గ్రాముల మిల్లు పచ్చి బియ్యంలో థయమిన్ సుమారు 0.06 మిల్లీగ్రాములు, ఉప్పుడు బియ్యంలో 0.21. ప్రతి 1000 కేలరీలకు 0.5 మిల్లీగ్రాములు అవసరమనుకుంటే, రోజుకు 400 గ్రాముల బియ్యం తినేవారికి ఆ అన్నానికే 0.7 దాకా కావాలి. పచ్చి బియ్యం ఇచ్చేది 0.24, ఉప్పుడు బియ్యం ఇచ్చేది 0.84. ఇది కడగకముందు లెక్క. పచ్చి బియ్యాన్ని నాలుగైదుసార్లు పిసికి కడిగి, గంజి వార్చేస్తే ఉన్నదాంట్లోనూ చాలా భాగం తూములోకే పోతుంది. ఒకటి రెండుసార్లు కడిగి, ఎసరు ఇగిరేలా వండితే నష్టం తగ్గుతుంది. గంజి పోసి పులియబెట్టే తరవాణి, పఖాళ మీద తేరే తొరాణి తాగేవారికి నీళ్లలోకి దిగినదాంట్లో కొంతైనా తిరిగొస్తుంది.

పచ్చి బియ్యం మానక్కర్లేదు. 100 గ్రాముల కందిపప్పులో 0.45, చోళ్లలో (రాగుల్లో) 0.42, వేరుశనగలో 0.9 మిల్లీగ్రాముల దాకా థయమిన్ ఉంటుంది. నేడు బెరిబెరి అరుదు కావడంలో ఇలాంటి పక్క వంటకాల పాత్ర చిన్నది కాదు. పప్పు త్వరగా ఉడకాలని వంట సోడా వేస్తే మాత్రం థయమిన్ పాడైపోతుంది. బదులుగా ముందే నానబెట్టుకోవచ్చు. తిన్న వెంటనే టీ తాగినా, వక్క నమిలినా వాటిలోని వగరు పదార్థం థయమిన్‌ను పట్టేస్తుంది.

ఇప్పుడు ఈ లోటు ఎక్కువగా కనబడేది తిండి మాని తాగేవారిలో. పేగు థయమిన్‌ను పీల్చుకోవడాన్ని మద్యం అడ్డుకుంటుంది. అలాంటి మనిషి తూలుతూ, చూపు చెదిరి, పొంతన లేకుండా మాట్లాడుతుంటే అది నిషా కాకపోవచ్చు, మెదడుకు థయమిన్ అందకపోవడమూ కావచ్చు. ఆసుపత్రికి తీసుకెళ్లినప్పుడు తాగుడు సంగతి దాచకుండా చెప్పాలి. థయమిన్ ఇవ్వకుండా గ్లూకోజ్ ఒక్కటే ఎక్కిస్తే మిగిలిన కాస్తా ఖర్చైపోయి పరిస్థితి విషమిస్తుంది.