కావలూరు కొండ మీద నక్షత్రాలు చూసే రాత్రి

తమిళనాడులోని జవ్వాదు కొండల్లో, సముద్రమట్టానికి సుమారు 725 మీటర్ల ఎత్తున, అడవి మధ్య కావలూరు వేధశాల ఉంది. ఆకాశం చూడాలని అక్కడికి వచ్చే విద్యార్థులను ముందుగా ఆకర్షించేది పెద్ద టెలిస్కోపే. 1986లో ప్రారంభమైన దాని 2.34 మీటర్ల దర్పణం మన కంటిపాప కంటే లక్ష రెట్లు ఎక్కువ కాంతిని పోగుచేయగలదు. కానీ దానితో పనిచేసే రాత్రులను పరిశోధకులకు ముందే కేటాయిస్తారు, ఆ కాంతిని అందుకునేవి కూడా కెమెరాలూ, కాంతిని రంగులుగా విడదీసే వర్ణపటమాపకాలే. సందర్శకులకు దొరికేది చిన్న టెలిస్కోపు. అందుకు నిరుత్సాహపడనక్కరలేదు, ఆ రాత్రి విద్యార్థి వాడటం నేర్చుకోవలసిన మొదటి పరికరం తన కన్నే.

వెలుతురులోంచి చీకట్లోకి రాగానే కంటిపాప కొన్ని క్షణాల్లో విచ్చుకుంటుంది. అసలు మార్పు మాత్రం రెటీనాలో, నెమ్మదిగా జరుగుతుంది. మసక వెలుగును పసిగట్టే దండకణాల్లో రోడాప్సిన్ అనే వర్ణకం తిరిగి నిండడానికి అరగంట దాకా పడుతుంది. ఈలోగా ఎవరైనా ఫోను తెర వెలిగిస్తే అంతవరకు కూడిన వర్ణకం కరిగిపోయి, నిరీక్షణ మళ్లీ మొదటికొస్తుంది. దండకణాలు ఎరుపును దాదాపు గుర్తించవు కనుకనే ఖగోళ పరిశీలకులు టార్చిలైటుకు ఎర్ర కాగితం చుట్టుకుంటారు.

ఫిబ్రవరి రాత్రి ఓరియన్ నెబ్యులా వైపు టెలిస్కోపు తిప్పినప్పుడు ఈ సంగతి బాగా తెలిసివస్తుంది. ఫోటోల్లో గులాబీ, ఊదా రంగుల్లో మెరిసే ఆ వాయుమేఘం, అంతకుముందు ఒక్కసారీ టెలిస్కోపులో చూడనివారికి, నాలుగు చిన్న నక్షత్రాల చుట్టూ బూడిదరంగు మరకలా కనిపిస్తుంది. రంగులు చూసే శంకుకణాలకు ఆ కొద్దిపాటి కాంతి చాలదు. కెమెరాకైతే నిమిషాల తరబడి కాంతిని కూడబెట్టే వీలుంది. అయినా అక్కడినుంచి వెంటనే కదలకూడదు. రెటీనా నట్టనడుమ దండకణాలు ఉండవు కాబట్టి, సూటిగా చూడటం మాని కాస్త పక్కకు చూపు నిలిపితే, ఆ ఓరచూపులో మరక రెండు వైపులా రెక్కలు చాస్తుంది, వాటి నడుమ నల్లని ధూళి పాయ తేలుతుంది. సుమారు 1,300 కాంతి సంవత్సరాల దూరం నుంచి వచ్చిన వెలుగును ఒక విద్యార్థి తన కంటితో, తన ఓపికతో పట్టుకోగలగడం నా దృష్టిలో ఎంత మంచి ఫోటో కన్నా విలువైనది.

ఎత్తు విషయంలో కావలూరు గొప్పదేమీ కాదు. లడఖ్‌లోని హాన్లే వేధశాల దాదాపు 4,500 మీటర్ల ఎత్తున ఉంది. ఈ అడవిలోని చీకటి, భూమధ్యరేఖకు సామీప్యం చూసి ఖగోళ శాస్త్రవేత్త వైను బప్పు దీన్ని ఎంచుకున్నారు. బప్పు మనకు కొత్తవారు కారు: ఆయన తండ్రి హైదరాబాదులోని నిజామియా వేధశాలలో పనిచేశారు, బప్పు నిజాం కళాశాలలో చదువుకున్నారు. సుమారు 12.5 డిగ్రీల ఉత్తర అక్షాంశం వల్ల దక్షిణాకాశంలో చాలా భాగం ఇక్కడినుంచి అందుతుంది. అగస్త్య నక్షత్రం దిక్చక్రానికి దాదాపు 25 డిగ్రీల పైకి వస్తుంది. తెల్లవారుజాము దాకా మేలుకున్నవారికి త్రిశంకు నక్షత్రమండలం, ఆ తర్వాత లక్షల నక్షత్రాలు గుమిగూడిన ఒమెగా సెంటారీ కనిపిస్తాయి.

1968లో 38 సెంటీమీటర్ల టెలిస్కోపుతోనే ఇక్కడ పని మొదలైంది. 1972లో ఒక మీటరు టెలిస్కోపు వచ్చింది. 1977 మార్చి 10న యురేనస్ మన చూపుకు ఒక నక్షత్రానికి బాగా దగ్గరగా జరిగినప్పుడు, ఆ నక్షత్రపు వెలుగు ఉన్నట్టుండి తగ్గడాన్ని దానితో నమోదు చేశారు. యురేనస్ చుట్టూ వలయాలున్నాయని ప్రపంచం తెలుసుకున్నది ఆ రాత్రి జరిగిన ఇలాంటి పరిశీలనల వల్లే.

ఋతుపవనాల కాలంలో మబ్బులు అడ్డుపడతాయి కనుక, విద్యార్థులను తీసుకెళ్లదలచిన అధ్యాపకులు జనవరి నుంచి మార్చి మధ్య, అమావాస్యకు దగ్గరి రోజులను ఎంచుకోవడం మంచిది. ముందుగా వేధశాల అనుమతి తీసుకోవాలి, ఉన్ని దుస్తులు వెంట ఉంచుకోవాలి.