నేను నడుములు తన్నిన రోజులు

పిల్లలూ,

కిందటి నెలలో ఒక ఆదివారం నేను బల్ల మీద బోర్లా పడుకుని ఉన్నాను. నా నడుము మీద మినప్పిండి ముద్దతో నూతి గట్టులాగా గుండ్రంగా కట్టి, అందులో గోరువెచ్చటి నూనె పోశారు. పక్కనే నిలబడి అంతా చూస్తున్న మా మనవరాలు ఉన్నట్టుండి అడిగింది: "తాతయ్యా, ఈ నూనె నీ ఎముక దాకా ఎలా వెళుతుంది?" వైద్యం చేస్తున్న అబ్బాయి నవ్వి ఊరుకున్నాడు. మా ఆవిడ మాత్రం, "ఎముక దాకా వెళుతుందో లేదో గాని, ఆ పిండితో డజను గారెలు అయ్యేవి" అంది. ముప్ఫై రెండేళ్లు హైస్కూల్లో సైన్సు చెప్పినవాడిని, నాకూ వెంటనే జవాబు తోచలేదు. బోర్లా పడుకున్నవాడికి తీరిక ఎక్కువ కాబట్టి ఆలోచించడం మొదలుపెట్టాను. ఆ ఆలోచనే ఈ ఉత్తరం. మీ ఇంట్లోనూ నడుము పట్టుకుని మూలిగేవాళ్లు ఒకరైనా ఉండే ఉంటారు. 2020లో ప్రపంచం మొత్తం మీద అలాంటివాళ్లు దాదాపు 62 కోట్ల మంది అని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క.

అసలు సంగతికి ముందు నా గుట్టు ఒకటి విప్పాలి. చిన్నప్పుడు నేనూ వైద్యుణ్నే. చదివి కాలేదు, పుట్టడమే అలా పుట్టాను. మామూలుగా పుట్టేటప్పుడు బిడ్డ తల ముందు వస్తుంది. నేను కాళ్లు ముందు పెట్టి వచ్చాను. ఎదురుకాళ్లతో పుట్టినవాళ్లు తంతే పట్టేసిన నడుము వదులుతుందని మన ఊళ్లలో నమ్మకం. తెనాలి దగ్గర మా పల్లెలో ఆ అర్హత ఉన్నవాణ్ని నేనొక్కణ్నే. నాట్లప్పుడు, కోతలప్పుడు, ధాన్యం బస్తాలు ఎత్తేటప్పుడు ఎవరికో ఒకరికి నడుము కలుక్కుమనేది. ఆదివారం పొద్దున్నే మా అరుగు ముందు మనుషులు కనిపించేవారు.

వీధి చివరింటి పెదనాన్న నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టు ఉన్నాడు. ఒక చెయ్యి నడుము మీద, ఒక చెయ్యి గోడల మీద వేసుకుంటూ, వంగిపోయి వచ్చేవాడు. అరుగు మీద బోర్లా పడుకునేవాడు. మా నాయనమ్మ, "కుడికాలు రా, మెల్లగా" అనేది. నేను కాలు కడుక్కుని వచ్చి మూడుసార్లు తన్నేవాడిని. తన్నడమంటే తన్నడం కాదు, పాదం ఆనించి నొక్కి తీయడం. పెదనాన్న లేచి, పంచె మడతలోంచి వేరుశనగ ఉండ తీసి నా చేతిలో పెట్టేవాడు. మా ఊరి లెక్క మూడు ఆదివారాలు. రెండో వారం కొంచెం నిటారుగా వచ్చేవాడు. మూడో వారం గోడ సాయం లేకుండానే నడిచి వచ్చేవాడు. నా పేరు పక్క ఊళ్లకు కూడా పాకింది.

కాలేజీకి వెళ్లాక గాని నాకు కిటుకు అంతుబట్టలేదు. బరువెత్తినప్పుడో వంగినప్పుడో కలుక్కుమన్న నడుము చాలామందికి ఏమీ చేయకపోయినా నాలుగు నుంచి ఆరు వారాల్లో చాలావరకు సర్దుకుంటుంది. పైగా ఎవరైనా వైద్యం కోసం వెతుక్కునేది నొప్పి బాగా ముదిరినప్పుడే. ముదిరినది ఆ తర్వాత తగ్గుముఖం పట్టక ఏం చేస్తుంది? మూడు ఆదివారాలు అన్నది వారం, తిథి చూసి పెట్టిన ముహూర్తం కాదు, జబ్బు దిగే వేళ చూసి పెట్టిన ముహూర్తం. ఆ లెక్క కట్టిన పూర్వీకుడెవరో గాని గడుసువాడు. మా వృత్తి ఇప్పుడు అంతరించిపోతోంది. బిడ్డ అడ్డం తిరిగి ఉందనో, కాళ్లు కిందికి ఉన్నాయనో స్కానింగులో తెలియగానే చాలాచోట్ల ఆపరేషన్ చేసి తీసేస్తున్నారు. అలా పుట్టినవాడి కాలికి మహిమ ఉంటుందో లేదో తేల్చి చెప్పే పెద్దలు కూడా ఇప్పుడు లేరు.

కాబట్టి నడుము నొప్పికి ఏ వైద్యం గురించి ఎవరు చెప్పినా నేను అడిగేది ఒకటే. ఇది చేయించుకున్నవాళ్లకు తగ్గింది, సరే. చేయించుకోనివాళ్ల సంగతి ఏమైంది? ఈ రెండో సగం చెప్పకుండా మొదటి సగం మాత్రమే చెప్పేవాళ్లందరూ నాలాంటి ఎదురుకాళ్ల వైద్యులే.

ఇక మనవరాలి ప్రశ్న. నడుము దగ్గర వెన్నెముకలో ఐదు పూసలుంటాయి. పూసకూ పూసకూ మధ్య డిస్కు అనే మెత్తటి దిండు. అందులో ఎక్కువ భాగం నీరే. పగలంతా నిలబడి, కూర్చుని ఉండే బరువుకు ఆ నీరు కొంచెం బయటికి పోతుంది, రాత్రి పడుకున్నాక మళ్లీ చేరుతుంది. నమ్మకం కుదరకపోతే నిద్ర లేవగానే గోడకు ఆనుకుని తల మీద స్కేలు పెట్టి ఒక గీత గీయించుకోండి, రాత్రి పడుకోబోయే ముందు ఇంకొకటి. ఒక సెంటీమీటరు అటూ ఇటూ తేడా కనిపిస్తుంది. వయసు పైబడేకొద్దీ ఆ దిండ్లు ఎండి పలచబడతాయి. ఎమ్మారై తీయిస్తే 'డిస్కు అరిగింది' అని రాసిన కాగితం వస్తుంది, ఇంటిల్లిపాదీ బెంబేలెత్తిపోతారు. అయితే నొప్పి అన్నదే ఎరగనివాళ్ల స్కానింగుల మీద జరిగిన పరిశోధనలను 2015లో ఒకచోట చేర్చి చూశారు. ఇరవై ఏళ్లవాళ్లలో 37 శాతం మందికి, ఎనభై ఏళ్లవాళ్లలో 96 శాతం మందికి డిస్కులు అరిగినట్టే ఉంది. అది చాలావరకు జుట్టు నెరవడం లాంటిది. జుట్టు నెరిసిందని ఎవరికీ తలనొప్పి రాదు కదా.

నూనె ఆ డిస్కు దాకా వెళ్లదు. బయటివి లోపలికి పోకుండా ఆపడానికే చర్మం ఉన్నది. దాని కింద కొవ్వు, ఆ కింద మందపాటి కండ, అవన్నీ దాటితే గాని పూస రాదు. మరి నాకు ఆ అరగంట అంత హాయిగా ఎందుకుంది? ఆ అబ్బాయి చేసిన పని చెబుతాను, చూడండి. నూనె గిన్నెను వేడినీళ్ల గిన్నెలో నిలబెట్టి, వేలు ముంచి చూసుకుని, పిండి గట్టు లోపలి అంచు మీదుగా సన్నధారగా పోశాడు. ఒకచోట గట్టు కింద నుంచి నూనె కారితే తడి వేలితో పిండి అదిమాడు. వేడి తగ్గిందనిపించగానే దూదితో తోడి గిన్నెలోకి పిండుకుని, మళ్లీ వెచ్చటిది పోశాడు. అరగంట పైగా వేడి ఒకే తీరున నిలిచింది. బిగిసిన కండ వేడికి వదులవుతుంది. ఆ తర్వాత నూనె తీసేసి నడుమంతా మెల్లగా మర్దన చేశాడు. మీ మోచెయ్యి గోడకు తగిలితే మీరు మొదట చేసే పనీ అదే, రుద్దుకోవడం. రుద్దితే ఎందుకు తగ్గుతుందో 1965లో రొనాల్డ్ మెల్జాక్, పాట్రిక్ వాల్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఒక ఊహ చెప్పారు. నొప్పి కబురు మెదడుకు చేరే దారిలో, వెన్నుపాములో ఒక వాకిలి లాంటిది ఉంది. స్పర్శ, ఒత్తిడి కబుర్లు ముందు చేరితే ఆ వాకిలి కొంత మూసుకుంటుంది, నొప్పి కబురు అక్కడే సణుగుతూ నిలబడాలి. తర్వాతి పరిశోధనల్లో ఆ ఊహకు చాలా సవరణలు జరిగాయి గాని మూల సంగతి నిలిచింది.

ఈ పిండి గట్టు వైద్యాన్ని ఆయుర్వేదంలో కటివస్తి అంటారు. పిరుదు నుంచి కాలి దాకా గుంజే నొప్పికి వాళ్లు పెట్టిన పేరు నాకు మరీ ఇష్టం: గృధ్రసి. గృధ్రం అంటే గద్ద జాతి పక్షి, రాబందు. ఆ నొప్పి ఉన్నవాడి నడక రాబందు నడకలా ఉంటుందని. పేరు పెట్టినవాడు రోగినీ పక్షినీ కూడా తేరిపార చూసినవాడు. అయితే అదే వేడి మన వంటింట్లోనూ దొరుకుతుంది. రాళ్ల ఉప్పు మూకుట్లో వేయించి, గుడ్డలో మూట కట్టి కాపడం పెడితే సరి. మూట ముందు మీ మణికట్టుకు ఆనించి చూడండి. తాతయ్యకు చక్కెర జబ్బు ఉంటే ఒంటి మీద స్పర్శ తగ్గి ఉండవచ్చు, కాలినా ఆయనకు తెలియదు.

సూదుల వైద్యం, అంటే ఆక్యుపంక్చర్ విషయంలో నేనడిగే ప్రశ్నకు జర్మనీవాళ్లు చక్కగా జవాబు వెతికారు. వెయ్యి మందికి పైగా దీర్ఘకాలం నడుము నొప్పి ఉన్నవాళ్లను మూడు గుంపులు చేశారు. ఒక గుంపుకు చైనా శాస్త్రం చెప్పిన చోట్ల సూదులు గుచ్చారు. రెండో గుంపుకు ఆ చోట్లు వదిలేసి ఇంకెక్కడో పైపైన గుచ్చారు. మూడో గుంపుకు మామూలుగా ఇచ్చే మందులు, వ్యాయామం. 2007లో ఫలితం వచ్చింది. ఆరు నెలల తర్వాత మొదటి గుంపులో 47.6 శాతం మందికి, రెండో గుంపులో 44.2 శాతం మందికి మేలు కనిపించింది. మూడో గుంపులో 27.4 శాతమే. ఆ అంకెలను కాసేపు చూస్తూ కూర్చోండి. సరైన చోట గుచ్చినా, తప్పు చోట గుచ్చినా దాదాపు ఒకటే. కానీ రెండూ మామూలు వైద్యం కన్నా మెరుగు. శక్తి ప్రవహిస్తుందని చైనా శాస్త్రం చెప్పే నాడుల పటం నిజం కాకపోవచ్చు. పది దఫాలు, అరగంట చొప్పున ఒక మనిషి మన నొప్పి గురించే శ్రద్ధగా ఏదో చేస్తున్నాడన్న భరోసా మాత్రం ఒంటి మీద నిజంగానే పని చేస్తుంది. నేను దీన్ని మోసం అనను. మా నాయనమ్మ "మెల్లగా" అన్న మాటలో కూడా ఆ మందు కొంత ఉండేది.

ఎముకలు విరిచే వైద్యానికి పుట్టుక అమెరికాలో. 1895లో అయోవా రాష్ట్రంలోని డావెన్‌పోర్ట్‌లో డి.డి. పామర్ అనే ఆయన, చెవుడు ఉన్న ఒక మనిషి వెన్నుపూస సరిచేశానని, అతనికి వినికిడి తిరిగొచ్చిందని చెప్పుకుని, కైరోప్రాక్టిక్ అనే పద్ధతి మొదలుపెట్టాడు. పూస పక్కకు జరిగితే సకల రోగాలూ వస్తాయన్న ఆయన సిద్ధాంతం నిలవలేదు. 'టప్' మన్న చప్పుడు పూస తన చోట కూర్చున్న చప్పుడు కాదు, కీలులోని ద్రవంలో వాయువు బుడగ ఏర్పడే చప్పుడు. మీరు వేళ్లు విరుచుకున్నప్పుడు వచ్చేదీ అదే. అయినా నేర్చినవాడు నడుము మీద చేస్తే కొందరికి కొంత ఉపశమనం ఉంటుంది. మెడ జోలికి మాత్రం రానివ్వకండి. క్షవరం అయ్యాక తల పట్టుకుని అటూ ఇటూ గిరుక్కున తిప్పే అలవాటు మన సెలూన్లలో ఉంది. అరుదుగానే అయినా, అలాంటి తిప్పుడుకు మెదడుకు రక్తం తీసుకువెళ్లే నాళం చిట్లి పక్షవాతం రావచ్చు. నేను కుర్చీలో కూర్చోగానే "మెడ వద్దు నాయనా" అని ముందే చెప్పేస్తాను.

నాకు ఎక్కువగా పనికొచ్చినవి యోగా, నడక. 2017లో బోస్టన్‌లో 320 మంది మీద పన్నెండు వారాలు పరీక్షించి చూస్తే, యోగా తరగతులు ఫిజియోథెరపీకి ఏమాత్రం తీసిపోలేదు. నేను చేసేవి నాలుగే: మార్జాలాసనం, భుజంగాసనం, సేతుబంధాసనం, చివర మకరాసనం. మార్జాలాసనం అంటే చేతులూ మోకాళ్లూ నేలకు ఆనించి పిల్లిలాగా వీపు పైకి లేపడం, కిందికి దించడం. మొదటి వారం నా వీపు లేచిందో లేదో నాకే తెలియలేదు. మనవరాలు పక్కన కూర్చుని "లేవలేదు తాతయ్యా" అని కచ్చితంగా చెప్పేది. మంచం దిగకుండా పడుకుంటే నొప్పి ఇంకా ముదురుతుంది. అప్పుడనిపిస్తుంది, పెదనాన్నకు మేలు చేసింది నా కాలు కాదేమో, వీధి చివరి నుంచి మా అరుగు దాకా ఆయన నడిచిన నడకేమో.

తక్కినవి గబగబా చెబుతాను. 2023 చివర్లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దీర్ఘకాలపు నడుము నొప్పికి మార్గదర్శకాలు ఇచ్చింది. వ్యాయామం, మర్దన, సూదులు, పూసల మీద చేతులతో చేసే వైద్యం పనికొచ్చేవాటిలో ఉన్నాయి. నడుము బెల్టులు, బరువులు కట్టి లాగే ట్రాక్షన్ వద్దన్న జాబితాలో చేరాయి. బల్ల చెక్క మీద పడుకోమని సలహా ఇచ్చే చుట్టాలకు ఇంకో మాట: 2003లో స్పెయిన్‌లో 313 మందిని పరీక్షిస్తే మరీ గట్టి పరుపు కన్నా మధ్యరకం పరుపే మేలనిపించింది. మా బావమరిది ఎవరో మీటింగులో అయస్కాంతాల పరుపు కొన్నాడు. దాని ధర చెప్పకుండా దాస్తున్నాడు, అంతకన్నా దాని గుణం గురించి నేనేమీ చెప్పనక్కర్లేదు.

పొట్లాల్లో వచ్చే పొడుల దగ్గర మాత్రం గబగబా వెళ్లలేను. పేరు, తయారీ వివరం ఏదీ ఉండదు, రెండు రోజుల్లో నొప్పి మాయం. మా పాత సహోద్యోగి ఒకాయన అలాంటిది ఏడాది వాడాడు. ముఖం చంద్రబింబంలా ఉబ్బింది, చక్కెర పెరిగింది. అందులో స్టెరాయిడ్ కలిపారని డాక్టరు చూడగానే పట్టేశాడు. అంత తొందరగా పనిచేసే ఆకు పసరు ఉంటే దాన్ని పొట్లాల్లో దాచి అమ్ముతారా? పేరున్న సీసాలనూ గుడ్డిగా నమ్మకూడదు. బోస్టన్ పరిసరాల్లో అమ్మే ఆయుర్వేద మందులు 70 కొని పరీక్షిస్తే 14 మందుల్లో సీసం, పాదరసం, ఆర్సెనిక్‌లలో ఏదో ఒకటి ఉందని 2004లో తేలింది. ఒంటికి పైన రాసే నూనె వేరు, కడుపులోకి పోయేది వేరు.

కొన్ని గుర్తులు కనిపిస్తే నూనెలూ వద్దు, ఆసనాలూ వద్దు, నా ఉత్తరమూ వద్దు. మూత్రం, విరేచనం పట్టు తప్పినా, తొడల మధ్య మొద్దుబారినా, కాలు బలం తగ్గి పాదం ఈడుస్తున్నా అదే పూట ఆసుపత్రికి తీసుకువెళ్లమనండి. జ్వరంతో కలిసి వచ్చిన నొప్పి, రాత్రిళ్లు నిద్ర లేపే నొప్పి, పడిన తర్వాత మొదలైన నొప్పి, బరువు తగ్గిపోతూ వచ్చే నొప్పి, ఇవీ డాక్టరు చూడవలసినవే. మీలాంటి పిల్లలకు వారాల తరబడి నడుము నొప్పి ఉంటే, సంచీ బరువు అని సరిపెట్టుకోకుండా మీరే పెద్దవాళ్లకు గట్టిగా చెప్పండి.

బీఎస్సీ రెండో ఏడు సెలవుల్లో ఊరికి వెళ్లినప్పుడు పెదనాన్నకు ఇదంతా వివరించాను. నొప్పి దానంతటదే తగ్గుతుందని, ఎదురుకాళ్లలో ఏమీ లేదని, పుస్తకం తెరిచి వెన్నెముక బొమ్మ కూడా చూపించాను. ఆయన అరగంట కదలకుండా విన్నాడు. విని, "బాగా చదువుతున్నావురా. ఆదివారం ఊళ్లో ఉంటావా? మళ్లీ పట్టేసింది" అన్నాడు.

ఉన్నాను. కాలు కడుక్కుని వెళ్లి మూడుసార్లు తన్నాను. పంచె మడతలోంచి ఉండ తీసి ఇచ్చాడు, తీసుకున్నాను.

మీ
తాతయ్య